మీ ఊరి సమస్య పార్లమెంటులో వినిపించాలంటే: ఎంపీకి అర్జీ, లోక్‌సభకు పిటిషన్ – దరఖాస్తు విధానం

కరోనా కాలంలో ఎత్తేసిన రైలు హాల్టు మళ్లీ ఇవ్వలేదు. లెవెల్ క్రాసింగ్ గేటు మూసి కట్టిన అండర్‌బ్రిడ్జిలో వానాకాలమంతా నీళ్లు నిలుస్తున్నాయి. జాతీయ రహదారి ఊరిని రెండుగా చీల్చి పోయింది, సర్వీసు రోడ్డు మాత్రం వేయలేదు. ఇలాంటి పనుల కోసం సోమవారం కలెక్టరేట్‌లో ఎన్ని అర్జీలు ఇచ్చినా అవి కలెక్టరు చేతిలో లేవు. ఢిల్లీలో మంత్రిత్వ శాఖను నిలదీసి రాతపూర్వకంగా జవాబు రాబట్టగల అధికారం మీ లోక్‌సభ సభ్యునికి ఉంది. ఆ అధికారాన్ని మీ ఊరి కోసం వాడించుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. దీనికి రుసుము లేదు, దళారీ అవసరం లేదు. ఎంపీకి అర్జీ ఇవ్వడం ఒక దారి, నేరుగా లోక్‌సభకే పిటిషన్ పంపడం రెండో దారి.

దేశం దృష్టి తమవైపు తిప్పుకోవడానికి తెలుగువాళ్లు మూడో దారి కూడా పట్టారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యేసరికి ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. 2019లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలిచారు, వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. అక్కడే 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. డిపాజిట్లు పోగొట్టుకునే దాకా పోకముందు కాగితంతో అయ్యే పని చాలా ఉంది.

ముందుగా తేల్చుకోవలసింది: ఇది కేంద్రం పనేనా?

అర్జీల్లో సగం ఇక్కడే తప్పిపోతాయి. కేంద్ర ప్రభుత్వానికి ప్రధానంగా సంబంధం లేని విషయంపై ప్రశ్న వేస్తే లోక్‌సభ నిబంధనల ప్రకారం దాన్ని స్వీకరించరు. రైల్వే, జాతీయ రహదారులు, తపాలా, టెలిఫోన్, జాతీయ బ్యాంకులు, విమానాశ్రయాలు, మద్దతు ధర, పసుపు, పొగాకు, కొబ్బరి వంటి పంటల బోర్డులు నిస్సందేహంగా కేంద్రానివి. పట్టాదారు పాసు పుస్తకం, పోలీసు కేసు, ఊరి చెరువు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోవడం రాష్ట్రానివి. వీటికి తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉన్నాయి, శాసనసభ్యులు ఉన్నారు.

మధ్యలో పెద్ద బూడిద ప్రాంతం ఉంది. ఉపాధి హామీ కూలి, ఇంటింటికీ కుళాయి, ప్రధానమంత్రి గ్రామ సడక్ రోడ్లు, పంటల బీమా వంటివి అమలు చేసేది రాష్ట్రం, నిధుల్లో వాటా, నిబంధనలు కేంద్రానివి. ఇక్కడ అడిగే తీరులోనే అంతా ఉంది. 'మా ఊళ్లో కుళాయి నీళ్లు రావడం లేదు' అని అడిగితే రాష్ట్రం పని అంటారు. 'ఫలానా జిల్లాలో ఈ పథకం కింద ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చినట్లు నమోదైంది, ఎంత నిధి విడుదలైంది' అని అడిగితే కేంద్రం జవాబు చెప్పాల్సిందే. కోర్టులో ఉన్న వ్యాజ్యం జోలికి మాత్రం పోవద్దు. దాన్ని ఎలా తిప్పి రాసినా ముందుకు కదలదు.

సభలో ఎంపీకి ఉన్న అవకాశాలు

జనం ఎక్కువగా చూసేది జీరో అవర్‌ను. ప్రశ్నోత్తరాల తర్వాత అత్యవసర ప్రజా సమస్యలను క్లుప్తంగా ప్రస్తావించే సమయం అది. లాటరీలో పేరు వస్తేనే అవకాశం. మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పాలన్న నియమమూ లేదు. మరుసటి రోజు పత్రికల్లో ఫొటో వస్తుంది, వాట్సాప్ గ్రూపుల్లో వీడియో తిరుగుతుంది. దానికీ విలువ ఉంది, కాదనలేం. కానీ పని కదలాలంటే నా ఓటు లిఖిత ప్రశ్నకే.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. లోక్‌సభలో రోజుకు ఇవి 20 మాత్రమే. గుర్తు లేని ప్రశ్నలు రోజుకు 230. వీటికి లిఖితపూర్వక జవాబును ఆ రోజే సభ ముందు ఉంచుతారు. కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న సాధారణంగా 150 పదాలు దాటకూడదు. పోటీ ఎక్కువ కాబట్టి ఇక్కడా లాటరీ ఉంటుంది. అయినా 230లో చోటు దొరకడం 20లో దొరకడం కంటే తేలిక. వచ్చిన జవాబు ప్రభుత్వ రికార్డు. దాన్ని పట్టుకుని ఏ అధికారి ముందైనా కూర్చోవచ్చు.

మూడోది లోక్‌సభ నిబంధనల్లో 377వది. 250 పదాల లోపు ఒక విషయాన్ని ముందే రాసిచ్చి, ఆమోదం పొందిన ఆ పాఠాన్నే సభలో వినిపించాలి. సభ్యుడికి వారానికి ఒక్క అవకాశమే. సంబంధిత మంత్రి తర్వాత ఎంపీకి లేఖ ద్వారా జవాబు పంపుతారు. రాజ్యసభలో దీనికి సమానమైనది ప్రత్యేక ప్రస్తావన.

ఇక్కడో చిక్కు ఉంది. మంత్రిగా ఉన్న ఎంపీ సభలో ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. 2024లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వంలో శ్రీకాకుళం, గుంటూరు, నరసాపురం, సికింద్రాబాద్, కరీంనగర్ ఎంపీలు మంత్రులయ్యారు. అలాంటి చోట మంత్రికి నేరుగా అర్జీ ఇస్తూనే, సభలో అడగడానికి పక్క నియోజకవర్గం ఎంపీనో రాజ్యసభ సభ్యుడినో కలవాలి. రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు ఉన్నాయి. పార్టీ ఏదైనా రాష్ట్ర సమస్యను వారిలో ఎవరైనా లేవనెత్తవచ్చు.

అర్జీ ఎలా రాయాలి

ఒక ఎంపీ పరిధిలో సాధారణంగా ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉంటాయి. పర్యటనకు వెళ్లిన ప్రతిచోటా శాలువా, పూలదండ, వాటితోపాటు చేతికో అర్జీ. ఫొటో దిగిన మరుక్షణం ఆ కాగితం పీఏ సంచిలోకి పోతుంది. రాత్రి ఆ సంచి విప్పినప్పుడు అందులోంచి ఏది బయటికి వస్తుంది? మూడు పేజీల పొగడ్త, చివర్లో 'తమరు దయతో పరిశీలించగలరు' అన్నది కాదు. ఉన్నదున్నట్టు ప్రశ్నగా మార్చుకోగలిగినదే వస్తుంది. కాబట్టి మీరు రాసేది ఎంపీ గారికే అయినా, మనసులో ఉంచుకోవలసింది ఆ పీఏను. 150 పదాల్లో సరిపోయే సరుకు ఆయన చేతికి ఇవ్వండి.

అండర్‌బ్రిడ్జి సంగతే తీసుకుందాం. పాఠం ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన ........ గారికి, లోక్‌సభ సభ్యులు.
విషయం: ........ మండలం ........ గ్రామం వద్ద రైల్వే అండర్‌బ్రిడ్జిలో వర్షపు నీరు నిలవడం.
ఈ అండర్‌బ్రిడ్జి ........ రైల్వే డివిజన్‌లో ........, ........ స్టేషన్ల మధ్య ఉంది. లెవెల్ క్రాసింగ్ నంబరు ........ను మూసి, ........ సంవత్సరంలో దీన్ని కట్టారు. వాన పడితే ........ అడుగుల నీరు ........ రోజులు నిలుస్తోంది. మరో దారిన వెళ్లాలంటే ........ కిలోమీటర్లు చుట్టు తిరగాలి. డివిజనల్ రైల్వే మేనేజర్‌కు ........ తేదీన ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు.
రైల్వే మంత్రిని అడగవలసినవి: (క) ఈ సమస్య రైల్వే దృష్టిలో ఉందా, (ఖ) పంపులు, కాలువ, పైకప్పు ఏర్పాటుకు నిధులు మంజూరయ్యాయా, ఎంత, (గ) పని ఎప్పటిలోగా పూర్తవుతుంది, (ఘ) చేపట్టకపోతే కారణాలేమిటి."

పార్లమెంటు ప్రశ్నలు సరిగ్గా ఈ క, ఖ, గ వరసలోనే ఉంటాయి. మీ అర్జీ కూడా అలాగే ఉంటే మార్చి రాయాల్సిన పని తగ్గుతుంది. లెవెల్ క్రాసింగ్ నంబరు అక్కడి గేటు గది మీదో బోర్డు మీదో రాసి ఉంటుంది. గేటు తీసేసినా ఊళ్లో ఎవరి ఫోనులోనైనా పాత ఫొటో దొరుకుతుంది. ఈ ఒక్క నంబరు లేకపోతే రైల్వే శాఖ 'వివరాలు నిర్దిష్టంగా లేవు' అని చేతులు దులుపుకోగలదు. నీటి లోతును మనిషి మోకాలితో, నడుముతో చెప్పకుండా, గోడ మీద గీతలు గీసి కొలిచి రాయండి.

జతచేయవలసినవి: గ్రామసభ తీర్మానం నకలు, తేదీ కనిపించే రెండు మూడు ఫొటోలు, కింది స్థాయి అధికారికి ఇచ్చిన అర్జీ, దాని రసీదు. అంకెలు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ముందే అడిగి తెచ్చుకోండి, దానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఎంపీ సభలో తెలుగులో మాట్లాడవచ్చు, అనువాద ఏర్పాటు ఉంది. కానీ ప్రశ్న నోటీసు ఇంగ్లీషులోనో హిందీలోనో ఇవ్వాలి. అందువల్ల తెలుగు అర్జీకి తోడు ఒక పేజీ ఇంగ్లీషు ప్రతిని ఊరి ఉపాధ్యాయుడి చేతనో డిగ్రీ చదివే పిల్లల చేతనో రాయించి జతచేస్తే మేలు. వందల సంతకాలు అక్కర్లేదు. సర్పంచి, వార్డు సభ్యులు, రోజూ ఆ దారిన పోయే కొందరు చాలు. ఒకరి ఫోను నంబరు మాత్రం స్పష్టంగా ఉండాలి.

ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలి

పార్లమెంటు ఏడాదికి మూడుసార్లు సమావేశమవుతుంది: జనవరి నెలాఖరు నుంచి బడ్జెట్, జూలై–ఆగస్టులో వర్షాకాల, నవంబరు–డిసెంబరులో శీతాకాల సమావేశాలు. నోటీసు గడువు లెక్కన, సమావేశాలు మొదలవడానికి నెల రోజుల ముందు అర్జీ చేరితే సరైన సమయం. సభ జరుగుతుండగా ఇచ్చినది జీరో అవర్‌కు పనికొస్తుంది, ప్రశ్నకు చాలాసార్లు సమయం మించిపోతుంది.

నియోజకవర్గ కార్యాలయంలో ఒక ప్రతి ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. మరో ప్రతిని ఢిల్లీ చిరునామాకు స్పీడు పోస్టులో, ఇంకొకటి ఈమెయిల్‌లో పంపండి. ప్రతి సభ్యుడి చిరునామా, ఈమెయిల్ పార్లమెంటు అధికారిక వెబ్‌సైటు సంసద్‌లో ఉంటాయి. వారం పది రోజుల తర్వాత పీఏకు ఫోన్ చేసి 'నోటీసు ఇచ్చారా' అని అడగండి. 'ఎంపీ గారు చూశారా' అని అడిగితే చూశారనే అంటారు.

జవాబు వచ్చాక

సంసద్ వెబ్‌సైటులో సభ్యుడి పేరుతో వెతికితే ఆయన అడిగిన ప్రశ్నలు, మంత్రుల జవాబులు కనిపిస్తాయి. జవాబును నిదానంగా చదవండి. 'పరిశీలనలో ఉంది' వంటి మాట చూసి పెదవి విరవవద్దు. సభలో మంత్రి అలా అంటే అది హామీ కిందికి రావచ్చు. ప్రభుత్వ హామీల కమిటీ అలాంటి వాటిని నమోదు చేసుకుని మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని శాఖను అడుగుతుంది. ఆ తేదీని ఊళ్లో ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాలి. ఎంపీకి ఊళ్లు వందలు, మీకు ఊరు ఒక్కటే.

జవాబులో వాస్తవం తప్పయితే, అంటే నీళ్లు నిలవడం లేదని రాస్తే, దాన్ని స్పీకర్ దృష్టికి తేవడానికి స్పీకర్ ఆదేశాల్లో 115వది ఎంపీకి వీలు కల్పిస్తుంది. తేదీ ఉన్న ఫొటోలు అక్కరకొచ్చేది అప్పుడే.

నేరుగా లోక్‌సభకు పిటిషన్

ఎంపీ పట్టించుకోకపోయినా, సమస్య ఒక ఊరికి మించినదైనా ఈ దారి ఉంది. ఇలా వచ్చినవాటిని పరిశీలించే పిటిషన్ల కమిటీ మూలాలు 1924 నాటివి. ఇప్పుడు లోక్‌సభ కమిటీలో 15 మంది సభ్యులు ఉంటారు, మంత్రులు ఉండరు. సభ ముందున్న బిల్లుపైన గానీ, సాధారణ ప్రజా ప్రయోజనం ఉన్న కేంద్ర విషయంపైన గానీ పిటిషన్ పంపవచ్చు. చట్టప్రకారం వేరే పరిష్కారం ఉన్నవి, కోర్టులో ఉన్నవి, శాసనసభలో లేవనెత్తాల్సినవి చెల్లవు.

అర్జీకీ దీనికీ తేడాలు గట్టివి. పిటిషన్ లోక్‌సభనే సంబోధిస్తూ మొదలై, కోరేదేమిటో కచ్చితంగా చెప్పే ప్రార్థనతో ముగియాలి. తెలుగులో రాయవచ్చు, కానీ హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి దానిపైనా సంతకం పెట్టాలి. ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా, సంతకం ఉండాలి. చదువురాని వారు వేలిముద్ర వేయాలి. ఫొటోలు, ప్రమాణ పత్రాలు, ఇతర కాగితాలు జతచేయకూడదు. చెప్పదలచిందంతా పిటిషన్‌లోనే ఉండాలి. ఎంపీ ద్వారా సమర్పిస్తే ఆయన కూడా సంతకం చేయాలి. లేకుంటే సెక్రటరీ జనరల్, లోక్‌సభ, పార్లమెంటు భవనం, న్యూఢిల్లీ – 110001 చిరునామాకు పంపవచ్చు. సమర్పించినప్పుడు సభలో చర్చ ఉండదు, కమిటీ పరిశీలించి నివేదిక ఇస్తుంది. ఆ సిఫార్సులు ఆజ్ఞలు కావు గానీ, కమిటీ పిలిచినప్పుడు శాఖ అధికారులు వచ్చి సంజాయిషీ చెప్పాల్సి ఉంటుంది.

ఈ నమూనాకు రాని వినతులను కూడా కమిటీ చూస్తుంది. అయితే పేరు, చిరునామా లేని ఉత్తరాన్ని ఫైలులో పడేస్తారు. ఇంకొకరికి రాసిన అర్జీ అడుగున 'ప్రతి: లోక్‌సభ స్పీకర్' అని రాసి పంపిన నకలుకూ, పరిష్కారం కోరుతూ విడిగా మాట లేకపోతే, అదే గతి. ముఖ్యమంత్రి నుంచి తహసీల్దారు దాకా పదిమందికి ఒకే అర్జీ నకళ్లు పంపే అలవాటు మనకు బాగా ఉంది కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

పార్లమెంటుతో పనిలేనివి

సామాజిక భవనం, తాగునీటి ట్యాంకు, బడికి అదనపు గది వంటి వాటికి సభలో ప్రశ్న దండగ. ఎంపీ స్థానిక అభివృద్ధి నిధి 1993 నుంచి ఉంది, ఇప్పుడది ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఎంపీ సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. ఎస్సీ వాడలకు 15, ఎస్టీ ప్రాంతాలకు 7.5 శాతం కేటాయించాలి. దీనికి స్థలం పంచాయతీదేనన్న పత్రంతో విడిగా అర్జీ ఇవ్వండి. కేంద్రీయ విద్యాలయంలో సీటుకు ఎంపీ లేఖ కోసం ఇంకా కొందరు తిరుగుతున్నారు. ఆ కోటా 2022లోనే రద్దయింది.