అడవిని చదవడం – 4వ పాఠం: కాలిన కొండ మీద పచ్చదనం ఎక్కడిది?

గత పాఠంలో బెరడు మందం కొలవడం నేర్చుకున్నాం. ఈసారి నిప్పు పడిన కొండకు వెళ్దాం. విజయవాడ వారికి ఇబ్రహీంపట్నం దాటగానే కొండపల్లి కొండలున్నాయి, గుంటూరు వారికి కొండవీడు ఉంది. రెండు చోట్లా ముళ్ల పొదలు కలిసిన, ఎండాకాలంలో ఆకు రాల్చే పొడి అడవే. రక్షిత అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లకండి. కోటకు వెళ్లే దారి అంచు ఈ పాఠానికి చాలు.

తొలకరి పడిన పది పదిహేను రోజులకు నల్లటి నేల పచ్చబడుతుంది. మొదటి ఏడాది నేను నా పుస్తకంలో "అడవి కోలుకుంది" అని రాసుకున్నాను. ఆ మాట కొట్టేయడానికి నాకు మూడు వేసవులు పట్టింది. అంతకాలం మీకు పట్టకూడదనే ఈ పాఠం.

ముందు మాను చుట్టూ ఒకసారి తిరగండి. వాలులో మంట కింది నుంచి పైకి ఎగబాకుతుంది. మానుకు పైవాలు వైపున అది సుడి తిరిగి ఎక్కువసేపు నిలుస్తుంది, రాలిన ఆకులు పోగుపడేదీ అక్కడే. అందుకే గాయం ఎక్కువగా పైవైపు ఉంటుంది. కింది నుంచి ఎక్కేవారికి కనిపించేది చెట్టుకు దెబ్బ తగలని వైపు! సన్నని కొమ్మను గోటితో గీరి చూడండి. లోపల తడిగా, పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. ఎండి గోధుమరంగులో ఉన్నా చెట్టు చచ్చిందని వెంటనే రాయకండి, మొదలు దగ్గర చూడండి.

అక్కడ బూడిదను వేలితో మెల్లగా తొలగించండి. కాలిన మోడు పక్కన నాలుగైదు రెమ్మలు గుత్తిగా, పెద్ద ఆకులతో లేస్తే అవి పిలకలు. మోదుగ, తునికి ఇలాగే వస్తాయి. పైభాగం కాలినా వేరు బతికింది కనుక అది పాత చెట్టే. ఒంటరిగా, సన్నని కాడతో, చాలా జాతుల్లో రెండు బీజదళాలతో (గింజలోంచి వచ్చే మొదటి ఆకులతో) కనిపించేది గింజ మొలక. కొత్త ప్రాణం అదొక్కటే.

ఇప్పుడు లెక్క. ఒక మేకు పాతి, దానికి 5 మీటర్ల 64 సెంటీమీటర్ల తాడు కట్టి చుట్టూ తిరగండి. ఆ వలయం వైశాల్యం దాదాపు 100 చదరపు మీటర్లు. కొమ్మ చిగురు, పిలక, మొలక అని మూడు గడులు గీసుకుని, ఒక్కో గుత్తిని ఒకటిగా లెక్కించండి. జాతి పేరు తెలియకపోతే ఆకు బొమ్మ గీయండి.

పిలకలు బోలెడుండి మొలకలు లేకపోతే ఆగి ఆలోచించండి. ఏటా నిప్పు పడే చోట పిలక బెరడు ముదిరేలోపే మళ్లీ కాలిపోతుంది, ఏళ్ల తరబడి మోకాలెత్తు దాటదు. మొలకకు ఆ రెండో అవకాశం కూడా లేదు. ఖాళీని గడ్డి, లాంటానా అనే కలుపు పొద ఆక్రమిస్తాయి. ఆ గడ్డే ఎండి మరుసటి వేసవి మంటకు మేత అవుతుంది.

ఈ పద్ధతిని తడి అడవులకు అలాగే వర్తింపజేయకండి. అమెజాన్ చెట్లలో చాలావాటి బెరడు పలచన, నేలమీద పాకే చిన్న మంటే వాటిని చంపగలదు. అక్కడ కాలిన అడవుల్లో 30 ఏళ్ల తర్వాత కూడా చెట్ల మొత్తం బరువు కాలని అడవి కంటే దాదాపు నాలుగో వంతు తక్కువగా తేలింది.

మేకు ఉన్నచోట ఒక గుర్తురాయి పెట్టండి. వానలు తగ్గాక, అక్టోబరులో, అదే వలయంలో మళ్లీ లెక్కించండి. ఆ రెండు లెక్కలతో 5వ పాఠంలో ఎన్ని మొలకలు నిలిచాయో శాతం తీద్దాం.