అమెరికా కాలేజీ ఫుట్‌బాల్: మీ టీమ్ అఫెన్స్ (దాడి ఆట) ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవడం ఎలా?

శనివారం మ్యాచ్‌లో టీమ్ పది పాయింట్లు కూడా చేయలేకపోతే ఆదివారం పొద్దుటికి తీర్పులన్నీ వచ్చేసి ఉంటాయి. ప్లే-కాలింగ్ (ఏ ఎత్తుగడ ఆడాలో ఎంచుకోవడం) చెత్త అని ఒకరు, క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) పనికిరాడని ఒకరు, లైన్ (ముందు నిలబడి అడ్డుకునేవాళ్లు) నిలబడట్లేదని ఇంకొకరు. అమెరికాకి చదువుకోవడానికి వెళ్లి ఈ ఆట పిచ్చిలో పడ్డ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే వరస. వీళ్లలో ఎవరి మాట నిజమో ఓ రెండు గంటలు కూర్చుంటే చాలావరకు తేలిపోతుంది. కావాల్సినవి నాలుగు: ఆ మ్యాచ్ ప్లే-బై-ప్లే (ఈఎస్‌పీఎన్ సైట్‌లో దొరుకుతుంది), ఒక ఎక్సెల్ షీట్, మ్యాచ్ రికార్డింగ్, ఫోన్‌లో స్టాప్‌వాచ్.

చూసే వరస మాత్రం మార్చకండి. ముందు డ్రైవ్‌లు (బంతి చేతికొచ్చినప్పటి నుంచి పోయేవరకు ఆడే ప్లేల వరస), తర్వాత డౌన్లు (పది యార్డులు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాలు), ఆ తర్వాత లైన్, క్వార్టర్‌బ్యాక్, రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు). కోచ్ అందరికంటే చివర. ఎందుకంటే లైన్ ఓడినా, పాస్ తప్పినా, రిసీవర్ తన రూట్ మరిచిపోయినా టీవీలో అదంతా తెలివితక్కువ ప్లే-కాల్ లాగే కనిపిస్తుంది.

ఉదాహరణలకు అయోవా టీమ్‌ని తీసుకుందాం. గత కొన్నేళ్లలో అఫెన్స్ గురించి ఇంత రచ్చ జరిగిన టీమ్ ఇంకోటి లేదేమో.

1. స్కోరుబోర్డును నమ్మకండి, డ్రైవ్‌లు లెక్కపెట్టండి

2022 సెప్టెంబర్‌లో అయోవా 7-3తో సౌత్ డకోటా స్టేట్‌ని ఓడించింది. ఏడు పాయింట్లంటే ఒక టచ్‌డౌన్ అనుకుంటాం. కాదు. ఒక ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ కర్రల మధ్యకి తన్నితే మూడు), రెండు సేఫ్టీలు (ప్రత్యర్థిని వాళ్ల గోల్ గీత వెనకే పట్టేస్తే ఒక్కోదానికి రెండు). సేఫ్టీలు డిఫెన్స్ తెచ్చినవి. వాటికి దారి వేసింది పంటర్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేసేవాడు) టోరీ టేలర్ కాలు. అఫెన్స్ సొంత సంపాదన మూడే.

కాబట్టి షీట్‌లో ఒక్కో డ్రైవ్‌కి ఒక్కో వరస రాయండి: ఎక్కడ మొదలైంది, ఎన్ని స్నాప్‌లు (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం), ఎన్ని యార్డులు, ఎలా ముగిసింది. డిఫెన్స్, పంట్ రిటర్న్, కిక్ రిటర్న్ పాయింట్లు తీసేయండి. హాఫ్ చివర్లో మోకాలు ఆనించి గడియారం నడిపించిన డ్రైవ్‌లు కూడా తీసేయండి. మ్యాచ్ తేలిపోయాక ఆడినవీ వద్దు. నాలుగో క్వార్టర్‌లో మూడు టచ్‌డౌన్లు దాటిన తేడా ఉంటే అది తేలిపోయినట్టే లెక్క. ఓవర్‌టైమ్ పాయింట్లు అసలే కలపకూడదు. అక్కడ ప్రతి టీమూ ప్రత్యర్థి 25 యార్డ్ గీత దగ్గరే మొదలుపెడుతుంది, మూడో ఓవర్‌టైమ్ నుంచి రెండు పాయింట్ల ప్రయత్నాలే. 2021లో ఇలినాయ్ తొమ్మిది ఓవర్‌టైమ్‌ల తర్వాత 20-18తో పెన్ స్టేట్‌ని ఓడించింది. అసలు ఆట ముగిసేసరికి స్కోరు 10-10.

మిగిలిన పాయింట్లని మిగిలిన డ్రైవ్‌లతో భాగించండి. క్రికెట్లో మొత్తం పరుగులు పక్కన పెట్టి రన్‌రేట్ చూసినట్టన్నమాట. డ్రైవ్‌కి రెండు పాయింట్ల చుట్టుపక్కల ఉంటే మామూలు టీమ్. ఒకటిన్నర కంటే తక్కువైతే నిజంగానే జబ్బు ఉంది, ముందుకు వెళ్లండి. రెండు దాటి ఉండి కూడా టీమ్ ఓడుతుంటే మీ కోపం డిఫెన్స్ మీద ఉండాలి.

మొదలైన చోటు అనే గడిని తేలిగ్గా తీసుకోవద్దు. పన్నెండు డ్రైవ్‌లలో ఎనిమిది సొంత 20 లోపలే మొదలైతే అఫెన్స్ చేతకానితనం కొంత, రిటర్న్ టీమ్ తప్పు కొంత.

అయోవా యూనివర్సిటీయే ఈ మొదటి మెట్టు దగ్గర కాలు జారింది. 2023 సీజన్‌కి ముందు కోఆర్డినేటర్ (అఫెన్స్ నడిపే కోచ్) బ్రయన్ ఫెరెంట్జ్ ఒప్పందాన్ని మార్చి మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు, కనీసం 7 విజయాలు అని షరతు పెట్టారు. ఆ 25లో డిఫెన్స్ చేసిన పాయింట్లూ చెల్లుతాయి! అభిమానులు 13 మ్యాచ్‌లకి 325 అని లెక్కకట్టి వారం వారం ఎంత మిగిలిందో చూసుకున్నారు. టీమ్ పది మ్యాచ్‌లు గెలిచింది, సగటు మాత్రం 15.4 దగ్గర ఆగింది. ఆయన సీజన్ తర్వాత ఉండరని అక్టోబర్ చివర్లోనే ప్రకటించేశారు.

2. ఏ డౌన్‌లో ఆగుతోందో చూడండి

ప్రతి ప్లేకీ పక్కన ఒక టిక్కో ఇంటూవో పెట్టండి. నియమం ఇది: మొదటి డౌన్‌లో కావాల్సిన దూరంలో సగం వస్తే టిక్, రెండో డౌన్‌లో 70 శాతం వస్తే టిక్, మూడు, నాలుగు డౌన్లలో మొత్తం దూరం వస్తేనే టిక్. అంటే 10 యార్డులు కావాల్సిన మొదటి డౌన్‌లో 5 వస్తే చాలు. 8 కావాల్సిన రెండో డౌన్‌లో 6 రావాలి. దీన్ని సక్సెస్ రేట్ అంటారు. పెద్ద కాలేజీ టీమ్‌లకి 40 శాతం కాస్త దాటితే సాధారణం. 35 దగ్గర ఉంటే అఫెన్స్ అడుగడుగునా తడబడుతోందని అర్థం.

మూడో డౌన్‌ని కొత్త మొదటి డౌన్‌గా మార్చుకోలేకపోతున్నారని అందరూ గోల చేస్తారు. అసలు జబ్బు అంతకుముందు రెండు ప్లేలలో ఉంటుంది. మూడో డౌన్‌లో సగటున ఎన్ని యార్డులు మిగిలాయో వేరే గడిలో రాయండి. రెండు మూడు మిగిలితే సగం పైన మార్చుకోవచ్చు. ఎనిమిది, తొమ్మిది మిగులుతుంటే ఏ కోచ్ వచ్చినా మూడింట ఒకటి దక్కితే గొప్ప. అలాంటప్పుడు వాదించాల్సింది మూడో డౌన్ పాస్ గురించి కాదు, మొదటి డౌన్‌లో ఒక యార్డుకే ఆగిపోయిన పరుగు గురించి.

ఇక పెద్ద ప్లేలు. 20 యార్డులు దాటినవి విడిగా లెక్కపెట్టండి. సక్సెస్ రేట్ బాగానే ఉండి ఇవి లేకపోతే టీమ్‌లో వేగం లేదు: ప్రతి టచ్‌డౌన్‌కీ పన్నెండు ప్లేలు తప్పు లేకుండా ఆడాలి, ఎక్కడో ఒక హోల్డింగ్ (ప్రత్యర్థిని పట్టుకుని ఆపే తప్పు) జెండా పడుతుంది, అంతా పోతుంది. ఒకే ఒక్క పెద్ద పరుగు మ్యాచ్ మొత్తాన్ని కప్పేయడమూ ఉంటుంది. 2023లో విస్కాన్సిన్ మీద అయోవా 15-6తో గెలిచిన మ్యాచ్‌లో లెషాన్ విలియమ్స్ 82 యార్డులు ఒక్క ఊపులో పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఒక్కటీ తీసి చూస్తే మిగిలిన అఫెన్స్ చాలా చిన్నగా కనిపిస్తుంది.

3. పరుగుల లెక్కలోంచి శాక్‌లు తీసేయండి

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. కాలేజీ గణాంకాల్లో క్వార్టర్‌బ్యాక్‌ని శాక్ చేస్తే (పాస్ వేసేలోపే పడగొడితే) పోయిన యార్డులు రన్నింగ్ ఖాతాలో పడతాయి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాసింగ్ ఖాతాలో పడతాయి. బాక్స్ స్కోరులో 34 పరుగులకి 92 యార్డులు, సగటు 2.7 అని ఉందనుకోండి. అందులో నాలుగు శాక్‌లు, మైనస్ 28 యార్డులు ఉంటే అసలు పరుగులు 30, యార్డులు 120, సగటు 4. రన్నింగ్ ఆట ఫర్వాలేదు, పాస్ కాపలాయే పడిపోయింది. జబ్బు ఒకటి, తిట్లు ఇంకొకరికి.

4. రికార్డింగ్ వేసి ముందు లైన్‌ని చూడండి

బంతి వైపు చూడకండి. కష్టమే, కానీ అలవాటవుతుంది. పరుగులూ పాస్‌లూ కలిపి ఇరవై ప్లేలు ఎంచుకుని ఒక్కోటి మూడుసార్లు వేయండి.

మొదటిసారి స్నాప్‌కి ముందు ఆపండి. లైన్‌కి దగ్గరగా, ఓ అయిదు యార్డుల లోపల ఎంతమంది డిఫెండర్లు ఉన్నారో లెక్కపెట్టండి. అయిదుగురు లైన్‌మెన్, ఒక టైట్ ఎండ్ (లైన్ పక్కనే నిలబడి అడ్డుకోవడమూ, పాస్ పట్టడమూ చేసేవాడు) ఉంటే అడ్డుకునేవాళ్లు ఆరుగురు. ఎదురుగా ఎనిమిది మంది ఉండగా పరుగు పెడితే లైన్‌ని తిట్టి లాభం లేదు. అదే ఆరుగురు ఉండగా కూడా రెండు యార్డులే వస్తే తప్పు లైన్‌దే.

రెండోసారి, పాస్ ప్లేలకి, స్టాప్‌వాచ్ పట్టుకోండి. స్నాప్ నుంచి ఒత్తిడి వచ్చేవరకు ఎంతసేపు? రెండున్నర సెకన్లకి ముందే వస్తుంటే లైన్ ఓడుతోంది. మూడు సెకన్లు దాటాక వచ్చిన శాక్‌కి సాధారణంగా క్వార్టర్‌బ్యాకే బాధ్యుడు, లేదా రిసీవర్లలో ఎవరూ ఖాళీ కాలేదు.

మూడోసారి ఒత్తిడి ఎవరి పక్కనుంచి వచ్చిందో చూడండి. తమిళనాడులోనో తెలంగాణలోనో కబడ్డీ చూసి పెరిగినా సరే, ఇది కొత్తగా నేర్చుకోవాల్సిందే: ఎవరూ ముట్టకుండా ఒకడు దూసుకొచ్చాడంటే టాకిల్ (లైన్ చివర నిలబడేవాడు) నిద్రపోయాడని కాదు. అయిదుగురు కాపలా ఉన్నచోట ఆరుగురు దాడికొస్తే ఆ ఆరోవాడు లైన్ లెక్కలో లేడు. వాడిని రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) అందుకోవాలి, లేకపోతే క్వార్టర్‌బ్యాక్ ముందే పసిగట్టి వాడు ఖాళీ చేసిన చోటికి వెంటనే బంతి వేసేయాలి. ఇలాంటివి మ్యాచ్‌లో నాలుగైదు కనిపిస్తే కొత్త లైన్‌మెన్ వచ్చినా జబ్బు నయం కాదు.

5. క్వార్టర్‌బ్యాక్, రిసీవర్లు

కంప్లీషన్ శాతం ఒక్కటే చూడొద్దు. ప్రతి విఫలమైన పాస్‌నీ నాలుగు గంపల్లో ఒకదాంట్లో వేయండి: గురి తప్పింది, చేతిలో పడ్డది జారవిడిచారు, డిఫెండర్ తట్టేశాడు, ఒత్తిడిలో కావాలనే బయటికి విసిరేశాడు. మొదటి గంపే నిండుతుంటే సమస్య క్వార్టర్‌బ్యాక్‌దే. పట్టిన పాస్‌లలోనూ బంతి రిసీవర్ వెనక్కి పడి అతను ఆగి తిరగాల్సి వస్తే దాన్నీ గురి తప్పినట్టే రాయండి, పట్టాక రావాల్సిన యార్డులు అక్కడే పోయాయి.

రిసీవర్లు చాలాసార్లు టీవీ ఫ్రేమ్‌లో ఉండరు. కాబట్టి వాళ్ల గురించి గట్టిగా తీర్పు చెప్పొద్దు; రీప్లేలలో పై కోణం చూపించినప్పుడే చెప్పగలరు.

గాయాలు రాసుకోవడం మరవకండి. 2023లో అయోవా క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా సెప్టెంబర్ చివర్లోనే మోకాలి గాయంతో సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. టైట్ ఎండ్‌లు ల్యూక్ లాకీ, ఎరిక్ ఆల్ కూడా పోయారు. టైట్ ఎండ్‌ల మీదే బతికే పాసింగ్ ఆటకి అది మామూలు దెబ్బ కాదు. బదులుగా వచ్చిన డీకన్ హిల్ వేసిన పాస్‌లలో సగం కూడా చేరలేదు.

6. ప్రత్యర్థినీ, ఏడాదినీ సరిచూడండి

అదే సీజన్‌లో పెన్ స్టేట్ మీద అయోవా 31-0తో ఓడింది. మొత్తం 76 యార్డులు, 33 ప్లేలు. పెన్ స్టేట్ ఆడినవి 97. భయంకరమే, కానీ ఎదురుగా ఉన్నది దేశంలోనే మేటి డిఫెన్స్‌లలో ఒకటి. ఒక్క మ్యాచ్ మీద తీర్పు వద్దు, కనీసం నాలుగు కలపండి. ఆ ప్రత్యర్థులు మిగతా టీమ్‌లకి ప్లేకి ఎన్ని యార్డులు ఇస్తున్నారో పక్కన పెట్టి చూడండి. అంత ఓపిక లేకపోతే బిల్ కానెలీ తయారుచేసే ఎస్‌పీ ప్లస్ ర్యాంకింగ్‌లో అఫెన్స్ గడి చూస్తే చాలు, ప్రత్యర్థుల బలం అందులో కలిసే ఉంటుంది.

పాత ఏళ్లతో పోల్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2023 నుంచి మొదటి డౌన్ దక్కినా గడియారం ఆగడం లేదు, ఒక్కో హాఫ్ చివరి రెండు నిమిషాల్లో తప్ప. దాంతో మ్యాచ్‌కి ప్లేలు తగ్గాయి. 2022 మొత్తం యార్డులకీ తర్వాతి ఏళ్లకీ నేరుగా పోలిక కుదరదు. ప్లేకి ఎన్ని అనే లెక్కతో పోల్చండి.

7. ఇప్పుడు కోచ్ దగ్గరికి రండి

ప్లే-కాలర్ తప్పని చెప్పాలంటే నచ్చని ఒక ప్లే చూపిస్తే సరిపోదు, అలవాటు చూపించాలి. వెతకాల్సినవి: క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే నిలబడితే పరుగు, దూరంగా షాట్‌గన్‌లో నిలబడితే పాస్ అని పదిలో ఎనిమిదిసార్లు నిజమవుతోందా? అయితే మీరు సోఫాలోంచి కనిపెట్టినది డిఫెన్స్ కోఆర్డినేటర్‌కి తెలియకుండా ఉండదు. మొదటి రెండు డ్రైవ్‌లు బాగుండి తర్వాత అంతా పడిపోతోందా? ముందే రాసుకున్న ప్లేలు అయిపోయాక కొత్త ఆలోచన లేదన్నమాట. ఎనిమిది మంది ముందుకొచ్చినా మొదటి డౌన్‌లో లోపలికే పరుగు పెడుతున్నారా? ప్లే పంపడం ఆలస్యమై టైమ్‌అవుట్లు వృథా అవుతున్నాయా? చివరిదైతే టీవీలో ఎవరికైనా కనిపిస్తుంది, వాదించడానికి కూడా ఏమీ ఉండదు.

ఇవేవీ లేకుండా లైన్ మాత్రమే ఓడుతుంటే అడగాల్సిన ప్రశ్న ఆటగాళ్లని తెచ్చుకోవడం గురించి. హైస్కూల్ నుంచి వచ్చిన లైన్‌మెన్ బరువూ బలమూ పెంచుకుని నిలబడడానికి మామూలుగా రెండు మూడేళ్లు పడుతుంది. ఈ ఏడాది లైన్ పడిపోతే మూడేళ్ల కింద ఎవరిని తెచ్చుకున్నారో, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (ఆటగాళ్లు కాలేజీ మారే పద్ధతి) ఎవరు వెళ్లిపోయారో చూడండి. ఆ బాధ్యత హెడ్ కోచ్‌ది, కోఆర్డినేటర్‌ది కాదు.

అయోవాలో ప్లే-కాలింగ్, ఆటగాళ్లు అనే ఈ రెండు ముడుల్నీ కలిపి చూడకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. 2024లో టిమ్ లెస్టర్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు. రన్నింగ్ బ్యాక్ కేలెబ్ జాన్సన్ 1,537 యార్డులు పరుగెత్తి 21 టచ్‌డౌన్లు చేశాడు, టీమ్ సగటు 27 దాటింది. అంటే పరుగు ఆటలో ప్లే-కాలింగ్ మీద వచ్చిన విమర్శ నిజమే. పాసింగ్ మాత్రం దేశంలో అట్టడుగు వరసల్లోనే ఉండిపోయింది. కోఆర్డినేటర్ మారినా మారనిది ఏదో ఉంది, దాన్ని వెతకాలంటే మళ్లీ 5వ మెట్టు దగ్గరికి వెళ్లాలి.

వాదనకి దిగేటప్పుడు

మీ షీట్ మొత్తం గ్రూపులో పెట్టకండి, ఎవరూ చదవరు. ఒక వాక్యం, ఒక అంకె, ఒక ప్లే చాలు. "మొదటి డౌన్‌లో సక్సెస్ రేట్ 31 శాతం, రెండో క్వార్టర్ మొదటి డ్రైవ్ చూడండి, ఎనిమిది మంది ఉన్నా లోపలికే పరుగు పెట్టారు" అని రాస్తే అవతలివాళ్లు ఆ ప్లే వేసి చూసి తీరాలి. సమాధానంగా "కోచ్‌ని పీకేయాలి" అనే వస్తే ఆ వారానికి ఫోన్ పక్కన పెట్టి, వచ్చే శనివారం మొదటి డౌన్లు మాత్రమే లెక్కపెట్టండి.