రేకులు కొనే ముందు ఈ లెక్క చూసుకోండి

నేల కొలతతో రేకులు లెక్కేయకండి. వాలు వెంట టేపు పెట్టాలి. గోడ నుంచి కొప్పు (ఇంటి కప్పులో అన్నిటికన్నా ఎత్తైన అంచు) దాకా అడ్డంగా 12 అడుగులు, గోడ పైనుంచి కొప్పు ఎత్తు 5 అడుగులు అయితే వాలు 13 అడుగులు. చూరు బయటికి ఎంత రావాలో దానికి కలపండి.

అసలు పొరపాటు వెడల్పులో. సిమెంటు రేకు 1.05 మీటర్లుంటుంది కానీ, పక్క రేకు మీద ఎక్కాక కప్పేది 1.01 మీటరే. చూరు పొడవు 10.5 మీటర్లనుకోండి, 10 సరిపోతాయనిపిస్తుంది. 11 కావాలి! (నేనూ ఒకసారి ఇలాగే తగ్గించి, ఒక్క రేకు కోసం మళ్లీ ఆటో కిరాయి కట్టాను.)

వాలులో రెండు రేకులు కలిసేచోట 15 సెంటీమీటర్లు పోతుంది.

కొప్పు రేకులు, హుక్కులు, వాషర్లు విడిగా రాసుకోండి. పగిలేవాటికి ఒకటి రెండు అదనం.