గడువు తీరిన రీలుకు వెలుతురు లెక్క (ఫిల్ము కెమెరా – ఆరో పాఠం)

కిందటి పాఠంలో పాడైన రీలుతో ఎక్కించడం, చుట్టడం చేతికి అలవాటు చేసుకున్నాం. ఈసారి ఫొటోలు తీస్తాం, అదీ తయారీ ఆగిపోయిన రీలు మీద. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' డబ్బా చూస్తే నాకు ఇప్పటికీ మా వీధి స్టూడియో వాసన తడుతుంది. అయితే జ్ఞాపకానికి వయసు రాకపోయినా ఫిల్ముకు వస్తుంది. ఎండలో, బీరువాలో గడిపిన ఏళ్లకు ఫిల్ము మొత్తం మీద సన్నటి మసక పేరుకుంటుంది. నీడల్లోని వివరాలు మొదట దానిలోనే మునిగిపోతాయి. వాటిని పైకి తేవాలంటే వెలుతురు ఎక్కువ ఇవ్వాలి.

రంగుల నెగెటివ్ రీలుకు వాడుకలో ఉన్న మోటు లెక్క: గడువు దాటిన ప్రతి పదేళ్లకు ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు. డబ్బా మీద వేగం (వెలుతురును ఎంత త్వరగా అందుకుంటుందో చెప్పే అంకె) 400 అని ఉండి, గడువు తీరి ఇరవై ఏళ్లయితే రెండు స్టాప్‌లు. 400లో సగం 200, అందులో సగం 100. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరును 100కు తిప్పండి. 250 షట్టరు (సెకనులో 250వ వంతు) చాలే చోట ఇప్పుడు 60 పడుతుంది కాబట్టి చేయి కదలకుండా చూసుకోండి. రీలు మీది వెండి గళ్లను చదివి వేగం తనే పెట్టుకునే కెమెరా అయితే, ప్లస్ 2 దిద్దుబాటు పెట్టండి. నలుపు తెలుపు రీలుకు, ముఖ్యంగా తక్కువ వేగం ఉన్నదానికి, ఇందులో సగం చాలు. స్లైడు రీలుకు ఈ లెక్క వద్దు, ఎక్కువ వెలుతురును అది ఓర్చుకోదు.

రీలు ఫ్రిజ్‌లో ఉంటే బయట పెట్టి రెండు మూడు గంటలు ఆగి డబ్బా తెరవండి. ఒకసారి ఆత్రంతో వెంటనే ఎక్కించాను. ఫిల్ముకు పట్టిన చెమ్మ మరకలు పెళ్లికూతురి ముఖం మీదే పడ్డాయి.

కొడాక్ వారి స్లైడు ఫిల్ము కొడాక్రోమ్ దొరికిందని మాత్రం సంబరపడకండి. 1935లో వచ్చిన ఆ ఫిల్మును 2009లో ఆపేశారు. మామూలు రంగుల ఫిల్ములో రంగు పుట్టించే పదార్థాలు పొరల్లోనే ఉంటాయి. దీనికి మాత్రం కడిగేటప్పుడే ఇవ్వాలి. ఆ పని చేస్తూ వచ్చిన చివరి ల్యాబు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ ఊళ్లో ఉంది. అది కూడా 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం మానేసింది. ఇప్పుడు నలుపు తెలుపు రీలులా కడిగించుకోవాలి, దక్కేది నలుపు తెలుపే. వేలం ధర పెట్టి కొనడం నేర్చుకునేవారి పని కాదు.

అభ్యాసం: చెట్టు నీడలో ఒక మనిషిని, పక్కన ఎండ పడిన గోడ వచ్చేలా, కూర్చోబెట్టండి. కెమెరా కదపకుండా మీటరును 400, 200, 100, 50 వద్ద పెట్టి నాలుగు ఫొటోలు తీయండి. వరుస పుస్తకంలో రాసుకోండి. ల్యాబులో 'మామూలుగానే కడగండి' అని చెప్పి, ప్రింట్ల బదులు నెగెటివ్‌లు తెచ్చుకోండి. కిటికీకి ఎదురుగా పట్టి, ముందుగా ఫిల్ము అంచు ఎంత మసకబారిందో చూడండి. తర్వాత ఆ మనిషి జుట్టు చూడండి. వెంట్రుకల జాడ అంచు మసక నుంచి మొదట ఏ ఫొటోలో విడివడి కనిపిస్తే, అలాంటివే మిగతా రీళ్లకు ఆ అంకె.