మెయిల్ గ్రూపును కొత్త సర్వీసుకు మార్చేముందు

ఒక్క అడ్రసుకు రాస్తే సభ్యులందరికీ చేరే మెయిల్ గ్రూపును ఇంకో సర్వీసుకు మారుద్దాం అనగానే అందరి ధ్యాసా సభ్యుల జాబితా మీదే ఉంటుంది. నిజానికి అది తేలికపాటి పని: పాతచోట దించుకుని కొత్తచోట ఎక్కించడమే. తర్వాత తలనొప్పి తెచ్చేవి వేరే ఉన్నాయి. ఏళ్ల తరబడి పోగైన పాత మెయిళ్లు, ఒక్కొక్కరూ తమకు వీలుగా పెట్టుకున్న సెట్టింగులు, ‘రిప్లై’ నొక్కితే జవాబు ఎవరికి వెళ్తుందన్న సంగతి.

పాత మెయిళ్లతో మొదలుపెట్టండి. సర్వీసు మూసేస్తున్నామని వాళ్లు చెప్పేదాకా ఆగితే చేతిలో టైము ఉండదు. యాహూ గ్రూప్స్ సంగతే చూడండి. 2019 అక్టోబరు మధ్యలో కబురు చెప్పారు. ఆ నెల 28 నుంచి కొత్తగా ఏదీ ఎక్కించే వీలు లేకుండా పోయింది. డిసెంబరు 14 తర్వాత పాతవన్నీ చెరిపేస్తామన్నారు. జనం గోల పెడితే, దించుకోవడానికి గడువును 2020 జనవరి 31 దాకా పొడిగించారు. ఆ ఏడాది డిసెంబరు 15న మొత్తానికే మూతపడింది. అడ్మిన్ అయిపూ అజా లేని గ్రూపులకు ఆ గడువు ఏ మూలకూ చాలలేదు.

పాత మెయిళ్లు ఎక్కువగా ఎంబాక్స్ అనే రకం ఫైలుగా వస్తాయి. గూగుల్ గ్రూప్స్ అయితే ఓనరుగా లాగిన్ అయి, డేటా దించుకోవడానికి గూగుల్ ఇచ్చిన టేకౌట్ అనే సదుపాయం ద్వారా తీసుకోవచ్చు. వచ్చింది కదా అని పక్కన పడేయకుండా ఒకసారి తెరిచి చూడండి, అది మామూలు టెక్స్ట్ ఫైలే. అందులో ప్రతి మెయిలూ ‘ఫ్రమ్’ అనే ఇంగ్లిష్ మాట, ఒక ఖాళీ, ఆ తర్వాత అడ్రసు, తేదీ ఉన్న లైనుతో మొదలవుతుంది. చిక్కు ఇక్కడే. ఎవరైనా తమ మెయిల్లో ఓ పేరాను అదే మాటతో మొదలుపెట్టి ఉంటే, కొత్త సర్వీసు దాన్ని ఇంకో మెయిల్ అనుకుని ఒకదాన్ని రెండు ముక్కలు చేసే వీలుంది. ఎక్కించాక మెయిళ్ల లెక్క పాతదానికన్నా ఎక్కువ వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇంగ్లిష్ కాని భాషల్లో రాసిన పాత మెయిళ్లను ప్రత్యేకంగా కొన్ని చదివి చూడండి. అక్షరాల బదులు డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్కడే ఆగి, సంగతి తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. గ్రూపులో విడిగా దాచుకున్న ఫైళ్లు, ఫోటోలు ఈ ఎంబాక్స్‌లో రావు. వాటిని వేరుగా దించుకోవాలి.

కొత్తచోట ఈ పాత మెయిళ్లను ఎవరు చదవగలరో కూడా చూసుకోండి. సభ్యుల మధ్యే ఉంటుందన్న నమ్మకంతో పదేళ్ల కిందట రాసిన మాటలు రేపు సెర్చ్‌లో తేలితే ఆ తప్పు పూర్తిగా అడ్మిన్‌దే.

ఇక రిప్లై. పాతచోట రిప్లై కొడితే రాసినవారికి మాత్రమే వెళ్లేదనుకుందాం, కొత్తచోట గ్రూపు మొత్తానికీ వెళ్తుంది. అలవాటైన వేలు ఊరుకోదు. ఒకరి ఆరోగ్యం గురించో, ఇంకొకరి మీద చిరాకో, చాటుగా రాసింది వందలమందికి చేరిపోతుంది. వెనక్కి తీసుకోవడానికి దారి ఉండదు. కాబట్టి పాత పద్ధతి ఏదైతే అదే కొత్తచోట పెట్టండి, మెరుగైనది ఇంకోటి ఉందనిపించినా సరే. మార్చాలనుకుంటే కొన్ని నెలలాగి, అందరికీ చెప్పి మార్చొచ్చు. సెట్టింగు చూసుకుని ఊరుకోకుండా కంప్యూటర్లోనూ ఫోన్లోనూ రిప్లై కొట్టి చూడండి. ఎందుకంటే, 2014లో యాహూ తన డీమార్క్ నిబంధనను (పంపినవారి అడ్రసు అసలుదో దొంగదో తేల్చే పద్ధతి) బిగించినప్పుడు, గ్రూపుల గుండా వచ్చే యాహూ సభ్యుల మెయిళ్లను అవతలి సర్వీసులు తిప్పికొట్టాయి. అప్పటి నుంచి చాలా గ్రూపు సర్వీసులు పంపినవారి అడ్రసు స్థానంలో గ్రూపు అడ్రసును పెడుతున్నాయి. దాంతో జవాబు ఎటు పోతుందో చూడగానే తెలియదు.

సభ్యులను నేరుగా చేర్చాలా, ఆహ్వానం పంపాలా? ఆహ్వానం పంపితే చాలామంది నొక్కరు, గ్రూపు పలచబడుతుంది. చెప్పాపెట్టకుండా చేరిస్తే మర్చిపోయినవాళ్లు స్పామ్ అని నొక్కుతారు. ఎక్కువ మెయిళ్లు పంపేవారికి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పెట్టిన నిబంధనల ప్రకారం ఆ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. చిన్న గ్రూపుల మీద అంత లెక్క పడకపోయినా, ఫిర్యాదులు పెరిగితే మిగతావాళ్ల మెయిళ్లు కూడా స్పామ్ ఫోల్డర్‌లోకి జారుతాయి. నా ఓటు నేరుగా చేర్చడానికే. కాకపోతే పాత గ్రూపులోనే ముందు రెండుమూడు సార్లు ప్రకటించి, వద్దన్నవారిని తీసేసి, ఆపైన చేర్చండి. మెయిళ్లు వద్దు, గ్రూపు సైటుకే వచ్చి చదువుకుంటా అని పెట్టుకున్నవారు కొత్తచోట కూడా అలాగే ఉండాలి. రోజు మెయిళ్లన్నీ కలిపి ఒక్క మెయిలుగా తీసుకునేవారి సంగతీ అంతే. జాబితాను దించేటప్పుడు ఈ వివరాలున్న కాలమ్‌ను వదిలేయకండి. మోడరేషన్‌లో ఉన్నవారి (అంటే అడ్మిన్ చూసి ఒప్పుకున్నాకే మెయిల్ గ్రూపుకు వెళ్లేవారి) పేర్లు, గ్రూపు నుంచి తీసేసినవారి అడ్రసులు కూడా రాసిపెట్టుకోండి. లేదంటే పాత గొడవలన్నీ మొదటి వారంలోనే మళ్లీ మొదలవుతాయి.

మార్చే రోజున పాత గ్రూపులో కొత్త మెయిళ్లు ఆపేయండి. కొన్నాళ్లు రెండూ నడుపుదాం అని ఎవరో అంటారు, ఒప్పుకోవద్దు, చర్చ రెండుగా చీలిపోతుంది. పాత గ్రూపు అడ్రసును కొత్తదాంట్లో, కొత్తదాని అడ్రసును పాతదాంట్లో సభ్యులుగా చేర్చడం మరీ ప్రమాదం. ఒక్క మెయిలు రెండింటి మధ్యా తిరుగుతూ అందరి ఇన్‌బాక్సులూ నింపేసే వీలుంది. పాతచోటికి రాసినవారికి కొత్త అడ్రసు చెప్పే ఆటోమేటిక్ జవాబు ఒకటి పెడితే చాలు.

కొత్త గ్రూపుకు మొదటి రోజే ఇంకో ఓనరును పెట్టండి, పాస్‌వర్డు పంచుకోవడం కాదు, వారి సొంత ఖాతాతోనే. పాత గ్రూపును వెంటనే డిలీట్ చేయొద్దు. సెలవులో ఉన్నవారు, నెలకోసారి మెయిల్ చూసేవారు ఆ ఆటోమేటిక్ జవాబు చూసే కొత్త అడ్రసు కనుక్కుంటారు.