మన ప్రాంతపు పాత కౌన్సిల్ మెంబరు చరిత్ర రాయదలచినవారికి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి 1920 ఎన్నికలలోనో ఆ తరువాతనో మద్రాసు శాసనమండలికి వెళ్లిన పెద్దమనిషి జీవితచరిత్ర రాయాలనుకునేవారు మొదట ఆయన ఏ జిల్లావారో తేల్చుకోవాలి. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడినవి గనుక ఆనాటి దస్తరాలలో విశాఖపట్నం, గంజాం జిల్లాల కింద వెదకాలి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలోని శ్రీకాకుళం వైపు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. అందువల్ల ఊరు కదలని మనిషి కూడా రెండు జిల్లాలలో కనిపిస్తాడు. శ్రీకాకుళాన్ని ఆ కాగితాలలో చికాకోల్ అని రాసేవారు.

తేదీల విషయంలో ఇంట్లోవాళ్ల జ్ఞాపకాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఆయన కట్టించారని చెప్పే సత్రం రాతిపలక మీద రౌద్రి నామ సంవత్సరం, వైశాఖ మాసం అని మాత్రమే ఉంటే అది 1920 కావచ్చు, అరవై ఏళ్ల వెనుకటి 1860 కూడా కావచ్చు. రెండోదైతే కట్టించినది ఆయన తాతగారై ఉంటారు.

అసలు సరుకు మండలి చర్చల సంపుటాలలో ఉంటుంది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారంలో వాటి కోసం అడగవచ్చు. రావుబహదూర్ బిరుదు ఎప్పుడు వచ్చిందన్న దానికన్నా ఆయన సభలో ఏమి అడిగారన్నది నా దృష్టిలో ఎక్కువ విలువైనది. అయితే జవాబు ఎవరిచ్చారో కూడా చూడాలి. 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం విద్య, వైద్యం, స్థానిక పరిపాలన మంత్రుల చేతిలో ఉండగా, భూమిశిస్తు, నీటిపారుదల, పోలీసు శాఖలు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుల చేతిలో ఉండేవి. కాబట్టి చెరువు గండి గురించి అడిగిన ప్రశ్నకు దాటవేత జవాబు వచ్చిందంటే దానిని ఆయన చేతకానితనంగా రాయరాదు. నీటిపారుదల చూసే కార్యనిర్వాహక మండలి సభ్యుడు శాసనమండలి సభ్యుల ఓట్లకు పదవి పోగొట్టుకునేవాడు కాడు. ఆ ఊరు జమీందారీదా, రైతులే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీదా అన్నది తెలిస్తే ఆ ప్రశ్న వెనుక ఎవరి పంట ఉందో కూడా అర్థమవుతుంది.

పత్రికలలో 1914 నుంచి మద్రాసు దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రికను తప్పక తిరగేయాలి. ఇంట్లోని గ్రూపు ఫోటోలు ఉంటే అట్ట అడుగున ఉన్న పేర్లను ఉన్నవి ఉన్నట్టే ఎత్తిరాసుకుంటే చాలు.

ఓటమిని దాచి రాయడం మన జీవితచరిత్రలకు పాత జబ్బు. 1932లో మద్రాసు ప్రభుత్వాధినేత అయిన బొబ్బిలి రాజావారే 1937 ఎన్నికలలో బొబ్బిలిలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. మీరు రాస్తున్న మెంబరుగారు కూడా ఆ ఎన్నికలలో నిలబడి ఉంటే, ఆయన పార్టీ ఏదో, ఎదుట నిలిచినవారెవరో, ఎన్ని ఓట్లు పడ్డాయో గెలుపుకు ఇచ్చినంత చోటిచ్చి రాయండి.