షవర్ కింద తీరిగ్గా తడవాలంటే: సమస్య - పరిష్కారం

రోజంతా ఒంగోలు ఎండలో తిరిగొచ్చి పావుగంట షవర్ కింద నిలబడితే ప్రాణం లేచొస్తుంది. ఆ పావుగంట దక్కకపోతే చాలామంది ముందు షవర్ మార్చేస్తారు. తప్పు ఎక్కువసార్లు దానిది కాదు, మిద్దె మీది ట్యాంకుదో బోరు నీళ్లదో అయి ఉంటుంది.

సమస్య: ధార సన్నగా వస్తోంది, పక్కలకి చిమ్ముతోంది

ముందు కింది కుళాయి తిప్పి చూడండి. అది జోరుగా వస్తూ షవర్ ఒక్కటే నీరసంగా ఉంటే దాని చిల్లులు పూడుకున్నట్టే. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు ఎంత కఠినమో బకెట్ అంచుకు పట్టే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది, అదే షవర్ లోపల గడ్డకడుతుంది. షవర్ ఊడదీసి తెల్ల వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఊడి రాకపోతే పాలిథిన్ కవర్లో వెనిగర్ పోసి, చిల్లులు మునిగేలా షవర్‌కి రబ్బరు బ్యాండుతో కట్టినా సరే. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి పోవద్దు, పైపూత లేచిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టండి.

కుళాయి కూడా నీరసంగానే ఉంటే చిక్కు ఎత్తుది. నీళ్లు 10 మీటర్ల పైనుంచి దిగితే వచ్చే ప్రెషర్ సుమారు 1 బార్. ట్యాంకు నేరుగా స్లాబు మీదే ఉంటే దాని అడుగుకీ షవర్‌కీ మధ్య 5 అడుగులు కూడా ఉండవు, అంటే బార్‌లో ఆరో వంతు కూడా రాదు. పై అంతస్తు వాళ్ల బాధంతా ఇదే. ఇలాంటి ఇంట్లో పళ్లెమంత రెయిన్ షవర్ పెట్టించుకుంటే చుక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే, చిన్న షవరే నయం. ట్యాంకు కింద దిమ్మె కట్టించడం, దిగే పైపు లావుది వేయించడం మంచి మార్గం. కుదరకపోతే ట్యాంకు నుంచి దిగే లైనుకి ప్రెషర్ పంపు పెట్టించాలి.

సమస్య: మే నెలలో నీళ్లు సలసలా కాగుతున్నాయి

మొదటి నిమిషమే కాలి, తర్వాత తగ్గితే ఎండలో పడున్న పైపు వేడి అది. ఆ నీళ్లు బకెట్‌లో పట్టుకోండి, బట్టలకు పనికొస్తాయి. ఎంతసేపటికీ తగ్గకపోతే ట్యాంకే కాగింది. నల్ల ట్యాంకుకు తెల్ల రంగు వేయించండి, పైన తాటాకుల పందిరో గ్రీన్ నెట్టో కట్టండి. అప్పటికప్పుడు కావాలంటే మోటారు వేసి కాసేపు ఆగండి, నేల లోపలి నీళ్లు ట్యాంకు నీళ్లంత వేడిగా ఉండవు.

సమస్య: గీజర్ నీళ్లు నాలుగు నిమిషాలకే చల్లబడుతున్నాయి

గీజర్ పాడవలేదు, లెక్కే అంత. 15 లీటర్ల గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలు, ట్యాంకులోవి 25 డిగ్రీలు ఉంటే, ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీల నీళ్లు మొత్తం కలిపి 35 లీటర్లే వస్తాయి. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ దాన్ని నాలుగు నిమిషాల్లో తాగేస్తుంది. సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేయండి, లేదా 25 లీటర్లది కొనండి. వంటింటికి పెట్టే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్‌తో షవర్ స్నానం ఆశించకండి. ఇదివరకు సరిపోయి ఇప్పుడు సరిపోకపోతే మాత్రం లోపలి రాడ్డుకు సున్నం పట్టి ఉంటుంది, విప్పించి శుభ్రం చేయించాలి.

సమస్య: సబ్బు నురగ రాదు, జుట్టు పీచులా అవుతోంది

కఠిన జలంలో సబ్బు విరిగి జిడ్డుగా మారుతుంది. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్ ఇసుకా నలుసులూ ఆపుతుందేమో గానీ కాఠిన్యాన్ని తగ్గించదు, దానికి ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ కావాలి, అది ఖర్చు వ్యవహారం. కుంకుడురసం అయితే ఈ నీళ్లలోనూ బాగానే నురగొస్తుంది. ఆఖర్న రెండు చెంబులు మున్సిపాలిటీ నీళ్లు తలమీద పోసుకోండి.

సమస్య: పాదాలు నీళ్లలో మునుగుతున్నాయి

బాత్రూం నేలలో నీళ్లు పోయే చోట ఉండే నహానీ ట్రాప్ జాలీ ఎత్తి వెంట్రుకలు లాగేయండి, అంతే.

సమస్య: బయటినుంచి తలుపు బాదుతున్నారు

పది నిమిషాలకు 80 లీటర్లు పోతాయి మరి, ఎవరైనా బాదుతారు. ఇంట్లో వాళ్లందరి స్నానాలూ అయ్యాక, మోటారు వేసి ట్యాంకు నింపి, అప్పుడు దూరండి.